చింతగింజలు, చీపురు పుల్లలు, పలక మీద అంకె: వాడ పిల్లల లెక్కల చదువు

మాదిగవాడ పిల్లలకు, మాలవాడ పిల్లలకు, తండా పిల్లలకు లెక్కలు రావు అనే మాట నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల బడుల్లో ఎంత మామూలుగా వినిపిస్తుందంటే, అది ఒక అభిప్రాయం మాత్రమేనని కూడా ఎవరికీ తోచదు. ఎండకాలం ఎండ కొట్టినంత సహజంగా దాన్ని చెప్తారు. చెప్పేవాళ్లందరూ చెడ్డవాళ్లని కాదు. పిల్లల మీద ప్రేమ ఉన్న పంతుళ్లు కూడా "పాపం, ఇంటికాడ చెప్పేటోళ్లు లేరు గదా" అని అదే మాటను మెత్తగా చెప్తారు.

ఈ వ్యాసం ఉద్దేశం ఆ మాటను ఖండించి ఊరుకోవడం కాదు. ఖండించడం తేలిక. ఒకటి నుంచి ఐదు తరగతుల దాకా లెక్కల్లో వెనకబడ్డ పిల్లలకు చేతికందే వస్తువులతో, అంటే పుల్లలు, గింజలు, చిల్లర పైసలు, తాడు, తక్కెడతో లెక్క ఎట్లా చెప్పవచ్చో, ఆ పని ఎక్కడ చెడిపోతుందో, అందులో కులం ఎక్కడెక్కడ దూరుతుందో వివరించాలన్నది ప్రయత్నం. (నల్లగొండ, మహబూబ్‌నగర్ అన్నప్పుడు 2016కు ముందటి ఉమ్మడి జిల్లాలనే నా ఉద్దేశం. ఇప్పటి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట అందులోవే.)

వచ్చిన లెక్క, రాని లెక్క

అంగడిలో తల్లి పక్కన కూర్చున్న పిల్ల కిలో 40 రూపాయల టమాట ముప్పావు కిలో తూచి, 50 నోటు తీసుకుని 20 తిరిగి ఇస్తుంది. కాగితం లేదు, పెన్ను లేదు. అదే పిల్లకు బడిలో 52 లోంచి 27 తీసేయమని నిలువుగా రాసిస్తే 35 అని వేస్తుంది. సారు ఎర్రసిరాతో తప్పు కొడతాడు. కానీ ఆ 35 ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. 7 లోంచి 2 పోతే 5. 5 లోంచి 2 పోతే 3. "పెద్దదాంట్ల నుంచి చిన్నది తీసెయ్యాలె" అని ఒకటో తరగతిలో నేర్పిన సూత్రాన్నే ఆమె నమ్మకంగా పాటించింది. పిల్లకు తెలివి తక్కువై వచ్చిన తప్పు కాదది. అంకె వెనక ఉన్న రాశి కనిపించకపోవడం వల్ల వచ్చిన తప్పు. 52లో ఉన్న 5 అంటే ఐదు కాదు, యాభై అన్న సంగతిని ఆమెకు ఎవరూ చేతిలో పెట్టి చూపలేదు.

ఇది మన పాలమూరు సంగతే కాదు. బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో వీధుల్లో కొబ్బరికాయలు, పండ్లు అమ్మే ఐదుగురు పిల్లలను పరిశీలించి నూనెస్, ష్లీమన్, కరాహెర్ అనే పరిశోధకులు 1985లో ఒక వ్యాసం రాశారు. అమ్మకం దగ్గర వేసిన లెక్కల్లో ఆ పిల్లలు 98 శాతం సరిగ్గా చెప్పారు. అవే లెక్కలను ఉత్త అంకెలుగా కాగితం మీద రాసిస్తే 37 శాతమే చేశారు. నలభై ఏళ్ల తర్వాత, 2025లో, అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం కలకత్తా, ఢిల్లీ బజార్లలో పనిచేసే 1,436 మంది పిల్లలతో చేసిన పరిశోధనలోనూ ఇదే తేలింది. ఇంకో సంగతి కూడా తేలింది. బడిలో బాగా చదివే పిల్లలు బజారు లెక్క దగ్గర తడబడ్డారు. ఈ రెండో సగాన్ని మనవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు గానీ నా దృష్టిలో అదే ముఖ్యం. బడి లెక్క, బయటి లెక్క ఒకదానికొకటి తెలియకుండా బతుకుతున్నాయన్నమాట. మధ్యన వంతెన లేదు.

ఇక "వాడ పిల్లలకే రావు" అనే మాట. 2024 అసర్ సర్వే ప్రకారం దేశం మొత్తం మీద గ్రామాల్లో మూడో తరగతి పిల్లల్లో తీసివేత చేయగలిగినవాళ్లు 33.7 శాతం, ఐదో తరగతిలో భాగహారం చేయగలిగినవాళ్లు 30.7 శాతం. అంటే ముగ్గురిలో ఇద్దరికి రావడం లేదు. ఆ ఇద్దరూ వాడ పిల్లలే అయి ఉండరు గదా. తేడా ఏమిటంటే ఊరి పిల్లవానికి రాకపోతే "ట్యూషన్ పెట్టించండి" అంటారు. వాడ పిల్లవానికి రాకపోతే "గంతే" అంటారు.

మన రెండు జిల్లాల్లో దీనికి వలస కూడా తోడవుతుంది. 1991 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 30 శాతం లోపే. 2011 నాటికి కూడా 55 శాతం దగ్గరే ఆగింది. పాలమూరు లేబర్ అన్న పేరు దేశంలో డ్యాములు, కాలువలు కట్టిన చోటల్లా తెలుసు. గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని, వానకాలం పంట పని అయిపోగానే పోయి, మళ్లీ వానల ముందు తిరిగొచ్చే కుటుంబాల్లో పిల్లలు కూడా వెంట పోతారు. నాలుగైదు నెలలు బడి పోతే తెలుగు పాఠం ఎక్కడో ఒకచోట మళ్లీ అందుకోవచ్చు. లెక్క అట్లా కాదు. కట్టలు విప్పి తీసివేసే పాఠం జరిగిననాడు పిల్లవాడు లేకపోతే, ఆ తర్వాత వచ్చే భాగహారం, దశాంశం అన్నీ వానికి గాలిలో కట్టిన గోడలే.

పెట్టె వచ్చింది, తాళం పడింది

వస్తువులతో లెక్క చెప్పాలన్న ఆలోచన కొత్తది కాదు. మాంటిస్సోరి బంగారు పూసలు, బెల్జియం బడిపంతులు క్విజెనేర్ 1950లలో ప్రచారంలోకి తెచ్చిన రంగు కడ్డీలు, డీన్స్ దిమ్మెలు ప్రపంచమంతా తెలిసినవే. మన దగ్గర 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు కింద ప్రాథమిక పాఠశాలలకు ఇవ్వాల్సిన సామానులో లెక్కల కిట్టు కూడా ఒకటి. బ్రిటిష్ సహాయంతో 1980లలో ప్రయోగంగా మొదలై 1989 నుంచి 1996 దాకా రాష్ట్రమంతా నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, మన పంతుళ్ల నోట్లో 'ఏపీపెప్', ఆరు సూత్రాలు చెప్పింది. చేస్తూ నేర్చుకోవడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం అందులో ఉన్నాయి. 2022 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన 'తొలిమెట్టు' కూడా చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియల మీదనే.

ఆదేశాలకు కొదవ లేదు. అయితే పెట్టె బడికి చేరగానే అది స్టాకు రిజిస్టరులో ఎక్కుతుంది. ఒక పూస పోతే ఎవరు జవాబు చెప్పాలి అన్న భయం మొదలవుతుంది. పెట్టె అల్మారాలోకి పోతుంది, తనిఖీ నాడు బయటికొస్తుంది. ఏపీపెప్ కాలంలో చదువుకున్నవాళ్లకు తరగతి గదిలో దారాలకు వేలాడదీసిన ఆకులు, రాళ్లు, బొమ్మలు గుర్తుండే ఉంటాయి. పిల్లల తలల మీద తోరణాలు ఉండేవి, పిల్లల చేతుల్లో మాత్రం పలకే. అందుకే పోయినా ఎవరూ అడగని వస్తువులు మేలని నా అభిప్రాయం. చీపురు పుల్ల పోతే ఇంకోటి విరుస్తారు.

ముట్టుకునే చదువులో ముట్టు

చేతితో ముట్టి నేర్చుకోవాలి అని విద్యాశాస్త్రం పుస్తకాలు ఎంత సులువుగా రాస్తాయో! ముట్టడమే నేరమైన సమాజంలో ఆ వాక్యం అంత సులువు కాదు. 2005లో సుఖదేవ్ థోరట్, జోయెల్ లీ ఐదు రాష్ట్రాల్లో 531 గ్రామాల సమాచారంతో మధ్యాహ్న భోజనంలో, రేషను దుకాణాల్లో అంటరానితనం ఎట్లా నడుస్తున్నదో రాశారు. ఆ ఐదింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అన్నం దగ్గర ఉన్నది గింజల దగ్గర ఉండదని ఎట్లా అనుకుంటాం? గుంపులో ఎవరు పుల్లలు పంచుతారు, ఎవరు కట్ట కడతారు, ఎవరు దూరం నుంచి చూస్తారు, పాఠం అయిపోయినంక ఎవరు ఊడ్చి ఎత్తుతారు అన్నది పంతులు కళ్లు తెరిచి చూడాల్సిన విషయం. పంచే పని ఎప్పుడూ ఊరి పిల్లకు, ఎత్తే పని ఎప్పుడూ వాడ పిల్లకు పడితే ఆ రోజు పిల్లలు నేర్చుకున్న పాఠం లెక్క కాదు.

ఇంకొకటి. పిల్లలను వయసుతో కాకుండా స్థాయిని బట్టి గుంపులు చేసి చెప్పడం ఇప్పుడు బాగా నడుస్తున్న పద్ధతి. అందులో మంచి ఉంది. నాలుగో తరగతిలో ఉన్నా కూడిక రానివాడికి కూడికే చెప్పాలి. కానీ ఏడాది పొడుగునా ఆ గుంపులు కదలకుండా ఉంటే, కింది గుంపు మెల్లగా వాడ గుంపు అయిపోతుంది. ఉత్తరప్రదేశ్‌లోని పల్లెల్లో హాఫ్, పాండే అనే ఇద్దరు పరిశోధకులు 321 మంది పైకులాల, 321 మంది కింది కులాల మగపిల్లలకు చిక్కుదారి బొమ్మలు ఇచ్చి దారి కనుక్కోమన్నారు. 2004లో వచ్చిన వాళ్ల పత్రం ప్రకారం, కులం చెప్పనప్పుడు రెండు గుంపులూ సమానంగా చేశాయి. అందరి ముందర పేరు, కులం చదివి చెప్పినప్పుడు కింది కులాల పిల్లల ఫలితం పడిపోయింది. బుర్ర అదే, బొమ్మ అదే. "కింది గుంపు లేవండి" అని రోజూ పిలవడం కులం చదివి చెప్పడం కంటే ఎంత వేరు? గుంపులను పదిహేను రోజులకోసారి విప్పి మళ్లీ కట్టాలి. రోజులో ఒక్క ఆటైనా అన్ని గుంపులు కలిసి ఆడేది ఉండాలి. వామనగుంటలు, అష్టాచెమ్మా అందుకు పనికొస్తాయి. వామనగుంటల్లో గుంటలోని గింజలు ఎన్నో చూపుతోనే అంచనా కట్టాలి, ఒక్కొక్కటే పంచుకుంటూ పోవాలి. అది అంకగణితమే.

వేళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పిల్లల మొదటి లెక్కల సామాను వాళ్ల వేళ్లే. మా అమ్మ నాటు కూలి లెక్కను బొటనవేలితో మిగతా వేళ్ల గణుపులు ముట్టుకుంటూ కట్టేది, పైసా తేడా రాదు. బడిలో మాత్రం వేళ్లు మడిస్తే చేతి మీద కట్టె పడేది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను కొట్టడాన్ని నిషేధించింది. కట్టె పోయినా "వేళ్లు పెట్టకు" అన్న కసురు మాత్రం ఇంకా పోలేదు.

కులవృత్తి ఉచ్చు

దళిత ఉద్యమంలో ఉన్నవాళ్లకు ఇక్కడ ఒక అనుమానం రావాలి. వచ్చి తీరాలి. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం పిల్లలు ఒక పూట బడికి, ఇంకో పూట ఇంటి వృత్తికి పోవాలన్న పథకం తెచ్చింది. ద్రావిడ ఉద్యమం దాన్ని కులవిద్య అని పేరు పెట్టి ఎదిరించింది. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి అయినాక అది రద్దయింది. చేతిపని, స్థానికత అనే మంచి మాటల చాటున కులాన్ని బడిలోకి తేవచ్చు. చెప్పులు కుట్టే ఇంటి పిల్లవానికి తోలు కొలతల లెక్క, కోమటి ఇంటి పిల్లవానికి వడ్డీ లెక్క అని పంచితే అది రాజాజీ పథకమే. కాబట్టి సామాను స్థానికమైనదే కావచ్చు, కానీ అందరిదీ అందరూ చేయాలి. తోలు కొలత రెడ్ల పిల్ల కూడా చేయాలి, వడ్డీ లెక్క మాదిగ పిల్ల కూడా కట్టాలి. డప్పు దరువు మీద మూడు, ఆరు, తొమ్మిది అని గుణిజాలు పాడించడం బాగుంటుంది. మూడో దెబ్బ గట్టిగా పడితే పిల్లలు మర్చిపోరు. కానీ ఆ డప్పు ప్రతిసారి ఒకే పిల్లవాని మెడలో పడితే మాత్రం దాన్ని ఆపేయాలి.

దీనికి ఇంకో కొస కూడా ఉంది. జోతిరావు ఫూలే 1882లో హంటర్ కమిషన్‌కు ఇచ్చిన వాఙ్మూలంలో ప్రాథమిక విద్యలో చదవడం, రాయడంతో పాటు జమాఖర్చుల లెక్క, వ్యవసాయ పరిజ్ఞానం ఉండాలన్నాడు. నాగలి మేడి పట్టగలిగిన, బాడిశ పట్టగలిగిన వర్గాల నుంచి ఉపాధ్యాయులు రావాలన్నాడు. శ్రమలో జ్ఞానం ఉందన్న మాటను మన కాలంలో కంచ ఐలయ్య పిల్లల కోసం 2007లో ఇంగ్లీషులో పుస్తకంగానే రాశాడు. శ్రమ జ్ఞానాన్ని గౌరవించడం వేరు, పిల్లను శ్రమ దగ్గరే కట్టేయడం వేరు. గద్వాల వైపు విత్తన పత్తి చేలల్లో పూలు కలిపే పనికి బడి మానిన ఆడపిల్లల మీద ఎన్నో అధ్యయనాలు వచ్చాయి. ఆ పిల్లలు రోజుకు వందల పూలు లెక్కబెట్టగలరు. ఆ లెక్క తెలుసు గదా అని మనం మురిసిపోతే అన్యాయం.

కట్ట కట్టుడు, కట్ట విప్పుడు

ఇక పని. ముందు రాశి, పది చొప్పున కట్ట, ఆ తర్వాతే అంకె. దీనికి పుల్లలే మేలు. చీపురు పుల్లలు గానీ, ఎండిన కందికట్టె గానీ జానెడు పొడుగు సమానంగా విరవాలి. ఐదుగురి గుంపుకు రెండు వందలు చాలు. కట్టడానికి పాత సైకిల్ ట్యూబును అడ్డంగా కోస్తే బోలెడు రింగులొస్తాయి. చింతగింజలు ఇరవై లోపు లెక్కకు, వరుసలు పేర్చడానికి బాగుంటాయి గానీ పది కట్ట కట్టడానికి రావు. ఈ తేడా తెలియక చాలామంది గింజలతోనే స్థానవిలువ చెప్పబోయి విసిగిపోతారు. మన వైపు ఆముదం గింజలు సులువుగా దొరుకుతాయి, గురివింద గింజలు చూడ ముచ్చటగా ఉంటాయి. రెండూ విషం. పిల్లల చేతికి ఇవ్వనే కూడదు.

నేల మీద సుద్దతో మూడు గడులు గీయాలి. కుడి నుంచి ఒకట్లు, పదులు, వందలు. ఒకటే కట్టుబాటు: ఒకట్ల గడిలో తొమ్మిదికి మించి విడి పుల్లలు ఉండొద్దు. పదోది రాగానే కట్ట కట్టి పదుల గడిలోకి పంపాలి. పది కట్టలైతే మోపు, అది వందల గడిలోకి. కట్ట, మోపు అన్నవి పిల్లలకు ఇంటి మాటలే, కొత్తగా నేర్పనక్కర లేదు. కట్టను పిల్లే కట్టాలి. సారు ముందే కట్టి తెస్తే అది పిల్లకు పది పుల్లలుగా కాకుండా ఇంకో కొత్త వస్తువుగా కనిపిస్తుంది.

రెండు వందల ఐదు రాయమంటే చాలామంది 2005 అని రాస్తారు. విన్నది విన్నట్టు రాశారు: రెండు వందలు 200, దాని పక్కన 5. రెండు మోపులు, ఐదు విడి పుల్లలు పెట్టించి ప్రతి గడి కింద అంకె కార్డు పెట్టమంటే, నడిమి గడి దగ్గర చెయ్యి ఆగుతుంది. అక్కడ ఏం పెట్టాలి? సున్నాకు అర్థం ఆ ఆగిన చోట తెలుస్తుంది. పాత పెళ్లి కార్డులు కత్తిరించి పొడుగు కార్డు మీద 200, పొట్టి కార్డు మీద 5 రాసి, కుడి అంచులు కలిపి ఒకదాని మీద ఒకటి పెడితే చివరి సున్నాను 5 కప్పేస్తుంది. సున్నాలు ఎక్కడికి పోయినయి అని పిల్లలే అడుగుతారు. ఎత్తి చూస్తే కిందనే ఉన్నాయి.

ఇప్పుడు 52 లోంచి 27. ఐదు కట్టలు, రెండు పుల్లలు. ఏడు పుల్లలు ఇవ్వాలి, ఉన్నవి రెండే. ఒక కట్ట విప్పితే నాలుగు కట్టలు, పన్నెండు పుల్లలు. ఏడు తీస్తే ఐదు, రెండు కట్టలు తీస్తే రెండు. 25. ఇంతవరకు అందరూ చేయిస్తారు. చాలాచోట్ల జరగనిది ఏమంటే, ఒక్కొక్క కదలికతో పాటే పలక మీద గీత పడటం. కట్ట విప్పిన క్షణానే 5 కొట్టేసి పైన 4 రాయాలి, 2 ముందు ఒకటి పెట్టి 12 చేయాలి. ఒకడు పుల్లలు కదిలిస్తే పక్కవాడు రాయాలి, ఆ తర్వాత మార్చుకోవాలి. పుల్లల ఆట ముందు గంటలో, రాత తర్వాతి గంటలో జరిగితే రెండూ రెండు వేరే లోకాలు.

దీన్ని బడిలో "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకోవడం" అంటారు. ఈ మాట మానేయాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. అప్పు అంటే తిరిగి కట్టాలని మన పిల్లలకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తెచ్చినవాడు ఎప్పటికీ తీర్చని అప్పు ఏమప్పు? కట్ట విప్పుడు అనండి, లేకపోతే చిల్లర చేసుడు అనండి. పది నోటు విప్పితే పది రూపాయి బిళ్లలు. అసలు పైసల దగ్గర పిల్లలకు ఇంకో దారి కూడా తెలుసు. 27 నుంచి మూడు పెడితే 30, ఇరవై పెడితే 50, ఇంకో రెండు పెడితే 52. మొత్తం 25. దుకాణదారుడు చిల్లర ఇచ్చే పద్ధతి అది. పదేసి పూసలకు రంగు మారుతూ నూరు పూసలు గుచ్చిన దండ మీద ఈ దారి కళ్లకు కడుతుంది. ఢిల్లీలోని జోడో జ్ఞాన్ సంస్థ 'గణితమాల' పేరుతో ఇటువంటి దండనే ప్రచారంలోకి తెచ్చింది. పిల్ల ఈ దారిన చేస్తే అది కూడా సరైన జవాబే, నిలువు లెక్క వేయలేదని మార్కు కోయకూడదు.

భాగహారం పుల్లలతో చెప్తే నాకు అన్నిటికంటే ఇష్టం. 72ను ముగ్గురికి పంచాలి. కూడిక, తీసివేత, గుణకారం కుడి నుంచి మొదలుపెట్టి, భాగహారం ఒక్కటే ఎడమ నుంచి ఎందుకు మొదలుపెడతామో ఎన్ని తరగతులు చదివినా చాలామందికి తెలియదు. ఏడు కట్టలు చేతిలో ఉన్న ముగ్గురు పిల్లలు ఏం చేస్తారో చూడండి. ముందు కట్టలే పంచుకుంటారు, తలా రెండు. మిగిలిన ఒక్క కట్టను విప్పి రెండు విడి పుల్లలతో కలిపితే పన్నెండు, తలా నాలుగు. 24. పెద్దది ముందు పంచుకోవడం ఎవరూ చెప్పకుండానే వాళ్లకు తెలుసు.

గుణకారానికి పత్తి సాళ్లు చాలు. అచ్చు తోలిన చేనులో నిలువు సాళ్లు, అడ్డం సాళ్లు. ఆరు సాళ్లు, సాలుకు 14 మొక్కలు. గింజలతో పేర్చి, పదో మొక్క తర్వాత ఒక పుల్ల అడ్డం పెడితే ఒకవైపు 60, ఇంకోవైపు 24, మొత్తం 84. దీనితో పాటు ఎక్కాలు నోటికి రావాలి. ఎక్కాలు బట్టీ పట్టడం పాత పద్ధతి అనే పట్నపు మేధావులతో నాకు పేచీ ఉంది. వాళ్ల పిల్లలకు ఇంట్లో ఎవరో ఒకరు ఎక్కాలు అప్పజెప్పించుకుంటారు. మన పిల్లలకు బడే దిక్కు.

భిన్నాల దగ్గర భాషే సామాను. పావు, సగం, ముప్పావు పిల్లల నోట్లో ఉన్నవే. కిరాణా దుకాణంలో 'అద్దపావు' అడిగే పిల్లకు పావులో సగం అంటే కిలోలో ఎనిమిదో వంతు, 125 గ్రాములు అని తెలుసు. అది భిన్నాల గుణకారం. తక్కెడ తెచ్చి ముందర పెట్టి, తర్వాత 1/8 అని రాసి చూపడమే మిగిలింది.

పుల్లలు ఎప్పుడు పక్కన పెట్టాలి

సామాను మీద అతి నమ్మకం కూడా మంచిది కాదు. డెబొరా బాల్ అనే అమెరికా ఉపాధ్యాయురాలు 1992లోనే చెప్పింది, వేలి కొసల నుంచి జ్ఞానం తనంతట తాను పైకి ప్రవహించదని. పెద్దలకు పుల్లల్లో పదులు కనిపిస్తాయి, ఎందుకంటే మనకు ముందే తెలుసు. పిల్లకు పుల్లలే కనిపించవచ్చు. బ్రూనర్ చెప్పిన మూడు మెట్లు, చేత, బొమ్మ, గుర్తు, ఒకదాని నుంచి ఒకదానికి ఎక్కించాలి. కట్టకు ఒక నిలువు గీత, విడి పుల్లకు చుక్క పెట్టి పలక మీద గీయించడం నడిమి మెట్టు. దానికి ముందు తువ్వాల ఆట ఒకటుంది. గడుల మీద తువ్వాల కప్పి, "ఇంట్ల నుంచి ఎనిమిది తీసిన, ఇప్పుడెన్ని?" అని అడగాలి. పిల్ల మనసులో కట్ట విప్పి జవాబు చెప్పి, తర్వాత తువ్వాల లేపి చూసుకోవాలి. నాలుగైదు సార్లు సరిగ్గా చెప్పిన పిల్లకు ఆ లెక్కలో పుల్లలతో పని లేదు.

దీన్ని నేను పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. వాడ పిల్లలు చేతి తెలివి గలవాళ్లు, వాళ్లకు గింజలు, ఆటలు చాలు అనే కొత్త రకం జాలి ఒకటి ప్రచారంలో ఉంది. ప్రైవేటు బడి పిల్లవాడు బీజగణితం వైపు పోతుంటే మన పిల్ల ఐదో తరగతిలో కూడా చింతగింజలు పేరుస్తూ ఉంటే, అది పాత కథే. పుల్లలు నిచ్చెన. ఎక్కినంక నిచ్చెన మీదనే కూర్చోబెట్టొద్దు.

ఇంగ్లీషు గురించి రెండు మాటలు. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మీడియం పెట్టి రెండు భాషల పాఠ్యపుస్తకాలిచ్చారు. దళితులకు ఇంగ్లీషు కావాలన్న డిమాండు న్యాయమైనది, దాన్ని నేను వ్యతిరేకించడం లేదు. కానీ ఇరవై మూడు, నలభై ఏడు అన్న తెలుగు సంఖ్యల పేర్లలోనే పదులు, ఒకట్లు విడివిడిగా వినిపిస్తాయి. హిందీలో నూరు దాకా దాదాపు ప్రతి పేరూ విడిగా గుర్తుపెట్టుకోవాలి. ఇంగ్లీషులో థర్టీన్, థర్టీ దగ్గర పిల్లలు తికమకపడతారు. కాబట్టి కట్ట కట్టేటప్పుడు తెలుగు, తండా పిల్లలైతే వాళ్ల లంబాడీ మాట, కట్ట కట్టినంక దానికి ఇంగ్లీషు పేరు. అర్థం ముందు, పేరు వెనక.

వడ్డీ, గుంటలు

నాలుగు, ఐదు తరగతులకు వచ్చేసరికి ఈ సామాను ఇంటి కాగితాల దాకా పోవాలి. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఊళ్లో అర్థం నెలకు మూడు. పది మోపుల పుల్లలు పరిచి ఒక్కొక్క మోపు మీద మూడేసి చింతగింజలు పెడితే వెయ్యికి నెల వడ్డీ 30. పన్నెండు నెలలు పేర్చేసరికి 360. బ్యాంకు భాషలో ఏడాదికి 36 శాతం. తెలంగాణ పల్లెల్లో పూర్వం నాగుకు వడ్లు తెచ్చుకునేవాళ్లు, కరువు నెలల్లో పుట్టెడు తెస్తే పంట మీద పుట్టెడున్నర కొలవాలి. దానికీ ఇదే లెక్క. 2006లో ఉపాధి హామీ మొదటి విడతలోనే మన రెండు జిల్లాలకూ వచ్చినప్పుడు, పొడవు, వెడల్పు, లోతు గుణించి కూలి కట్టే కొలతల దగ్గర ఎంతమంది నోరు మూసుకుని నిలబడ్డారో ఉద్యమంలో పనిచేసినవాళ్లకు తెలుసు.

భూమి లెక్క మరీ జాగ్రత్తగా చెప్పాల్సింది. 40 గుంటలైతే ఎకరం, గుంటకు 121 గజాలు. పహాణీలో, పాసుపుస్తకంలో 1.20 అని రాస్తే అది దశాంశం కాదు, ఎకరం ఇరవై గుంటలు. అంటే ఇక్కడ కట్ట పదికి కాదు, నలభైకి. 0.30కి 0.30 కలిపితే 0.60 కాదు, 1.20. నేల మీద ఐదు వరుసలు, వరుసకు ఎనిమిది గడులు గీసి ఒక్కొక్క గడిలో ఒక గింజ పెట్టించండి. గడులన్నీ నిండితే ఎకరం, మిగిలిన గింజలు గుంటలు. పిల్లలు పది నిమిషాల్లో పట్టుకుంటారు. తర్వాత 1.20 భూమిని ముగ్గురు అన్నదమ్ములకు పంచమనండి. ఫోనులో ఉన్న క్యాలిక్యులేటర్ మీద 1.20ని 3తో భాగిస్తే 0.40 వస్తుంది. పాసుపుస్తకం భాషలో 0.40 అంటే నలభై గుంటలు, తలా ఎకరం. ముగ్గురికి మూడెకరాలు అయితయి, ఉన్నదేమో ఎకరన్నర. గింజలతో పంచిన పిల్ల మాత్రం ఎకరాన్ని విప్పి అరవై గుంటలు చేసి తలా ఇరవై అంటుంది.